పై మెట్టు మీద మబ్బు

జూన్ 3

అమ్మడూ,

ఫోను కూడా అందని ఆ కొండ మీద నువ్వు వెచ్చగా ఉన్నావనీ, వేళకి తింటున్నావనీ అనుకుని మొదలుపెడుతున్నాను. రెండోదాని మీద నాకు నమ్మకం లేదు గానీ, ఉత్తరం మొదట్లోనే ఆడపడుచుని తిట్టడం బాగుండదు కదా.

నీ మబ్బు తిరిగొచ్చింది.

నువ్వు రోజూ లెక్కపెట్టే మబ్బుల సంగతి కాదు. రెండేళ్ళపాటు మన మేడమెట్ల మీద నీ ఒళ్ళో పడుకుని గురకపెట్టిన బూడిదరంగు పిల్లి. నీకు ఆ వాతావరణ కేంద్రంలో ఉద్యోగం వచ్చి వెళ్ళాక నెల్లాళ్ళు నీ గది ముందు కాపలా కాసి, తర్వాత మాయమైపోయింది. ఏడాది పైన దాని జాడ లేదు. పోయిన సోమవారం మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తీద్దామని మేడెక్కుతుంటే, పదిహేడో మెట్టు మీద నీ తలుపుకి ఎదురుగా కూర్చుని ఉంది. వచ్చిన చప్పుడు లేదు. మెట్ల మీద నీడే ముద్దకట్టి పిల్లి అయిందా అనిపించింది. నేను తొమ్మిదో మెట్టు దగ్గర ఆగిపోయాను. అది నా వైపు చూసింది. నన్ను చూసినట్టు కాదు, నా వెనకాల ఇంకెవరో వస్తున్నారేమోనని చూసినట్టు. అయిదింటికి లేచి పిట్టగోడ మీదుగా వెళ్ళిపోయింది.

అప్పట్నించి రోజూ వస్తోంది. పుస్తకంలో వేళ రాసుకుంటున్నాను. నాలుగూ పన్నెండు, నాలుగూ తొమ్మిది, నాలుగూ పద్నాలుగు. మన గోడ గడియారం కంటే నయం.

అసలు సంగతికి వస్తాను. దాని ఎడమ దవడ వాచింది. చొంగ కారుతోంది. చేపముక్క పెడితే వాసన చూసి, నోట్లోకి తీసుకుని, మళ్ళీ వదిలేస్తోంది. మూగజీవాల సంఘానికి ఫోన్ చేస్తే ఒకావిడ వచ్చింది. రిటైరైన డ్రిల్లు టీచరు. నడుం మీద చేతులు పెట్టుకుని మెట్లనీ, పిట్టగోడనీ, నన్నూ తనిఖీ చేసి, "పన్ను కుళ్ళింది. తీయించకపోతే నెల, మహా అయితే నెలన్నర" అంది. ఆవిడ మాట్లాడుతుంటే మనం వరసలో నిలబడి చేతులు ముందుకి చాచాలనిపిస్తుంది. బోను తెచ్చి పై మెట్టు పక్కన పెట్టింది. సంఘానికి ఉన్నవి రెండే బోన్లట, ఏడు వీధులు వంతులు వేసుకోవాలట. మన వంతు జులై అయిదు దాకా.

మబ్బు ఆ బోను చుట్టూ ఒకసారి తిరిగింది. లోపలున్న చేపని చూసింది. వచ్చి తన చోట తను కూర్చుంది. అయిదు రోజులుగా ఇంతే.

"ఇది ఎవర్ని నమ్మింది?" అని అడిగింది టీచరమ్మ. మా ఆడపడుచుని అన్నాను. "అయితే ఆవిడ కట్టి విడిచిన బట్ట ఒకటి బోనులో పరవండి. ఉతకనిది. ఆ వాసన పట్టుకుని వస్తుంది" అంది.

ఇక్కడే వచ్చింది చిక్కు. నా ఇంట్లో ఉతకని బట్టా! నువ్వు వెళ్ళిన వారంలోనే నీ గదిలో ఉన్నవన్నీ రెండేసిసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి, నాఫ్తలీన్ ఉండలు వేసి పెట్టెలో సర్దేశాను. మూత లోపల జాబితా అంటించాను. ఉండాల్సినవి పన్నెండు, ఉన్నవి పదకొండు. నీ బూడిదరంగు శాలువా లేదు. నువ్వు పట్టుకెళ్ళావా? జాబితాలో దాని ఎదురుగా ఇన్నాళ్ళుగా ప్రశ్నార్థకం ఉండిపోయింది. చూసినప్పుడల్లా పంటి కింద రాయిలా ఉంటోంది.

రెండు రోజులు ఒంటి మీద ఉంచుకున్న బట్ట ఏదైనా ఒకటి పంపు. ఉతకొద్దు. ఇంకోసారి రాస్తున్నాను, ఉతకొద్దు.

తొమ్మిదో మెట్టు మీద కూర్చుని,
నీ వదిన


జూన్ 10

వదినా,

నీ ఉత్తరం ఇవాళ కూరగాయల జీపులో ఉల్లిపాయల బస్తా ఎక్కి వచ్చింది. నీ చేతిరాతకి కూడా కళ్ళు మండాయి.

మాసిన బట్ట పంపమన్న చివరి మాటలే ముందు చూశాను. నామీద చేతబడి గానీ చేయిస్తున్నారా అనుకున్నాను. తర్వాత మొదట్నించీ చదివాను. చదివి, కొండ అంచున రాయి మీద చాలాసేపు కూర్చున్నాను. ఏడాది పైన ఎక్కడికి పోయింది వదినా? ఎవరింట్లో ఉంది? అన్నాళ్ళ తర్వాత ఆ మెట్లు ఎలా గుర్తున్నాయి?

ఇక్కడ ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి, మబ్బు ఎన్ని భాగాలు కమ్మిందో మూడు గంటలకోసారి రాయాలి. ఈ వారమంతా ఎనిమిదికి ఎనిమిది. పొగమంచు కిటికీలోంచి వచ్చి నా టీ కప్పు చుట్టూ తిరిగి, మంచం కింద దూరుతుంది. కాళ్ళు కిందికి పెట్టాలంటే మెత్తటిదేదో తొక్కుతానేమోనని భయం. ఒక్కోసారి "తప్పుకోవే" అంటాను కూడా.

మా దగ్గర ఒక గాజు గోళం ఉంది. ఇత్తడి గిన్నెలాంటి దాంట్లో కూర్చోబెట్టి ఆరుబయట పెడతారు. ఎండ దాంట్లోంచి దూరి వెనకున్న అట్టముక్క మీద సన్నటి గీతలా కాలుస్తుంది. మబ్బు పడితే గీత తెగిపోతుంది. సాయంత్రం ఆ అట్ట తీసి చూస్తే, ఆ రోజు సూర్యుడు ఎప్పుడెప్పుడు కళ్ళు తెరిచాడో తెలిసిపోతుంది. దాన్ని తుడిచినప్పుడల్లా అన్నయ్య గుర్తొస్తాడు. కొట్లో కళ్ళద్దాలు సానపట్టి దీపానికి ఎదురుగా పట్టుకుని చూసేటప్పటి మొహం.

నా చున్నీ పంపుతున్నాను. రెండు రోజులు వేసుకున్నాను. ఉతకలేదు. కానీ మాసింది మాసినట్టు మడిచి వదిన చేతికి ఎలా ఇవ్వను? నాకు పదేళ్ళప్పుడు నువ్వు మా ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే చెప్పావు, "విడిచిన బట్ట అలాగే ఎవరికీ ఇవ్వకూడదమ్మడూ, ఒకసారి నీళ్ళలో జాడించి ఇవ్వాలి" అని. అందుకని సబ్బు పెట్టకుండా ఉత్త నీళ్ళలో ఒక్కసారి జాడించాను. అది ఉతకడం కిందికి రాదులే.

శాలువా నేను తీసుకెళ్ళలేదు. వెళ్ళే రోజు తలుపు వెనక మేకుకి వదిలేసి వెళ్ళాను, కావాలనే. అన్నయ్య కొనిచ్చింది కదా. కొట్లో తన పక్కన నాకోసం రెండో సానరాయి, రెండో స్టూలు వేయించాడు. నేనేమో ఉద్యోగం కాగితం చేతికివ్వలేక ఆయన టీ కప్పు కింద పెట్టి పారిపోయాను. ఆ తప్పు నాదే. కానీ "వెళ్ళు, పై గది అద్దెకిచ్చేస్తాను" అన్నాడే, ఆటో ఎక్కేదాకా తలెత్తి చూడలేదే, అది మాత్రం నాకు మింగుడుపడదు. మేకుకి ఉన్న శాలువా చూసి చెత్తలో పడేసి ఉంటాడు. జాబితాలో కొట్టెయ్యి.

పొగమంచుకి దారిస్తూ,
నీ ఆడపడుచు


జూన్ 18

జాడింపుల మహారాణికి,

నిన్ను ఏమనాలో తెలీక నవ్వుతూ కూర్చున్నాను. టీచరమ్మ చున్నీని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది ఏ మనిషిదీ కాదు, ఏదో సెలయేటిది" అంది. నేను నీకు చిన్నప్పుడు నేర్పిన సంగతి చెప్పాను. "మీ ఇంట్లో అందరికీ ఉందా ఈ జబ్బు?" అంది. మబ్బు దాన్ని వాసన చూసి తుమ్మి, అలిగి పిట్టగోడెక్కేసింది.

మళ్ళీ పంపు. ఈసారి నీళ్ళు చూపించకుండా పంపు. చెమట పట్టాలి, దాంతోనే పడుకోవాలి. నేను నేర్పినవన్నీ ఒక్క వారం మర్చిపో.

ఒక నిర్ణయం తీసుకున్నాను. దొరికాక మబ్బుని మళ్ళీ వీధిలో వదలను. మనమే పెంచుకుందాం. ఆపరేషన్ అయ్యాక పది రోజులు ఒకే గదిలో మూసి ఉంచాలట, తర్వాత కూడా దానికంటూ ఒక చోటు ఉండాలట. పై గది ఇద్దామనుకుంటున్నాను. దానికి తెలిసిన తలుపు అదొక్కటే కదా. టీచరమ్మ వచ్చి గది పనికొస్తుందో లేదో చూస్తానంది. నీకు అభ్యంతరం ఉంటే చెప్పు, లేకపోతే లేదని చెప్పనక్కర్లేదు.

మొన్న భోజనం దగ్గర మీ అన్నయ్యని అడిగాను, తలుపు వెనక మేకుకున్న శాలువా ఏమైందని. చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాకేం తెలుసు" అని లేచిపోయారు. సగం అన్నం అలాగే ఉంది. ఈయన కంచంలో మెతుకు వదలడం నేను ఇరవై రెండేళ్ళలో చూడలేదు. నువ్వన్నదే నిజమేమో అని మొదటిసారి అనిపించింది. కోపమూ వచ్చింది, రెండు రోజులు మాటలు లేవు.

ఇప్పుడు నేను పదకొండో మెట్టు దాకా జరిగాను. మబ్బు ఏమీ అనలేదు. పైన తీగ మీద దుప్పట్లు గాలికి ఉబ్బి, ఖాళీ అయి, మళ్ళీ ఉబ్బుతుంటే, మనిద్దరం ఒకే మెట్ల మీద ఉన్నామనీ, ఇవి పదిహేడుతో ఆగకుండా అలా పైకి నీ కొండ దాకా పోతున్నాయనీ అనిపిస్తుంది. నాలుగింటి నుంచి అయిదింటి దాకా నా పుస్తకంలో ఇప్పుడు ఏ పనీ రాయడం లేదు.

అది పెరుగు మాత్రం నాకుతోంది. అది కూడా తల ఒక పక్కకి వంచి.

అన్నట్టు ఆ గాజు గోళం వ్యాసం ఎంత ఉంటుంది? ఊరికే, తెలుసుకుందామని.

ఉతకని బట్ట కోసం ఎదురుచూస్తూ,
వదిన


జూన్ 21 (కార్డు)

అమ్మడూ, ఇవాళే జరిగింది, ఆగలేక కార్డు మీద రాస్తున్నాను. ఆవిడ వచ్చి పై గది చూసింది. చాలా నచ్చింది. గాలీ వెలుతురూ బాగున్నాయి, కిటికీకి వల కొట్టిస్తే ఇక ఆలస్యం లేదంది. నీ మంచం కిందికి దింపించాం, పెట్టె నా గదిలోకి మార్చాను. వలకి కొలతలు మీ అన్నయ్యే తీసుకున్నారు. ఎన్నాళ్ళకో ఆయన ఆ మెట్లెక్కారు. ఆ గది ఇక ఖాళీగా ఉండదంటే నాకెంత సంతోషంగా ఉందో. - వదిన


జూన్ 27

వదినగారికి,

నమస్కారాలు. వానలకి కింద రోడ్డు తెగింది. జీపు రావడం లేదు. నిన్న ఒక మనిషి నడుచుకుంటూ వచ్చి మీ కార్డు ఒక్కటే ఇచ్చాడు.

గదికి మనుషులు దొరికినందుకు సంతోషం. వాళ్ళకి నచ్చినందుకు ఇంకా సంతోషం. కిటికీ కింది రెక్క గడియ కుడివైపుకి ఎత్తి తిప్పితేనే పడుతుంది, వాళ్ళకి చెప్పండి. లేకపోతే వాన లోపలికి కొడుతుంది. అన్నయ్య అన్న మాట నిలబెట్టుకున్నాడు. కొలతలు కూడా తనే తీసుకున్నాడంటే, పాపం, ఎంత తొందర పడ్డాడో.

పెట్టెలోవి పదకొండూ ఎవరికైనా ఇచ్చెయ్యండి. శాలువా గురించి మళ్ళీ రాయకండి. అన్నయ్య దాన్ని చెత్తలో పడేసిన రోజే ఆ ఇంట్లో నాకు మేకు కూడా లేదని అర్థం చేసుకోవాల్సింది.

ఆ చున్నీ బోనులోంచి తీసెయ్యండి, ఇంకో బట్ట పంపను. ఎందుకు పంపాలి? నా వాసన చూపించి, నేనున్నానని నమ్మించి, బోనులో వేసి, తీరా చూస్తే తలుపు తీసేది ఎవరో. అలా మోసపోవడం కంటే అది ఆ మెట్లు మర్చిపోతేనే మంచిది. కొత్తవాళ్ళు తలుపు ముందు పిల్లిని ఉండనిస్తారని నేననుకోను.

ఇక్కడ పొగమంచు ఎంత ఉందంటే, పది అడుగుల్లో ఉన్న వానకొలత డబ్బా దగ్గరికి తాడు పట్టుకుని వెళ్తున్నాను.

ఇట్లు,
మీ ఆడపడుచు


జులై 1

వదినా, నా బంగారు వదినా,

నా చెంపలు నేనే వాయించుకున్నాను, రెండూ. రోడ్డు బాగయింది, జీపు వచ్చింది, దాంట్లో నీ పద్దెనిమిదో తారీకు ఉత్తరం ఉంది. కార్డు ముందొచ్చి ఉత్తరం వెనకొచ్చింది! ఆ "ఆవిడ" డ్రిల్లు టీచరమ్మ అనీ, గది మబ్బుకనీ ఇప్పుడు తెలిసింది. అభ్యంతరమా? నా గదికి అంతకంటే మంచి మనిషి ఎవరొస్తారు?

ఇరవయ్యేడున నేను రాసిన ఉత్తరం నీకు అందితే చదవకుండా పొయ్యిలో పెట్టు. చదివేసి ఉంటే, చదవనట్టే పొయ్యిలో పెట్టు. ముఖ్యంగా అన్నయ్య కంట పడనివ్వకు. దాంట్లో ఆయన గురించి అనకూడని మాటలున్నాయి.

నా స్వెట్టర్ పంపుతున్నాను. మూడు రోజులుగా వేసుకునే ఉన్నాను. దాంతోనే కొండెక్కాను, దిగాను, పడుకున్నాను. నీళ్ళ బకెట్ పక్కనుంచి వెళ్ళేటప్పుడు చెయ్యి దానంతట అదే లాగింది. జేబులో పెట్టుకున్నాను. మడవను కూడా మడవలేదు, ఉండచుట్టి కుక్కాను. నువ్వు చూస్తే ఏడుస్తావు.

జీపతను హారన్ కొడుతున్నాడు. అయిదో తారీకు లోపల చేరుతుందా? చేరాలి. పెరుగు తింటోందా ఇంకా?

సిగ్గుతో,
నీ ఆడపడుచు


జులై 3

గారూ అని పిలిపించుకున్న వదిన రాస్తున్నది.

పిచ్చిదానా, నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. నన్ను "మీరు" అన్నావు. ఇరవై రెండేళ్ళు తల దువ్వినదాన్ని "మీరు" అన్నావు. ఆ గది మబ్బుకే! చూడ్డానికొచ్చింది టీచరమ్మ! నా ముందు ఉత్తరం నీకు అందలేదని అర్థమయ్యేసరికి మధ్యాహ్నం అయింది. అప్పటిదాకా వంటింట్లో గిన్నెల మీద చూపించాను నా ప్రతాపం.

మబ్బు నిన్న రాలేదు. పుస్తకంలో మొదటిసారి గడి ఖాళీ. ఇవాళ నాలుగూ నలభైకి వచ్చింది. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నిలబడి, మళ్ళీ ఎక్కింది. పెరుగు కూడా ముట్టలేదు. బోను ఎల్లుండి పాల డిపో వీధికి వెళ్ళిపోతుంది. అక్కడ కాలు విరిగిన పిల్లి ఒకటి ఉందట, కాబట్టి ఇంకో రోజు అడగడానికి నోరు రాదు. మళ్ళీ మన వంతు వచ్చేదాకా ఇది ఆగుతుందని టీచరమ్మ కూడా అనడం లేదు.

నీ ఉత్తరం బల్ల మీద వదిలేశాను, మీ అన్నయ్య కళ్ళజోడు పక్కన. మర్చిపోయి వదిలానని రాద్దామనుకున్నాను. నేను ఏదైనా మర్చిపోవడం నువ్వెప్పుడైనా చూశావా?

వదిన


జులై 7

అమ్మడూ,

కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమైనా ఉంటే దింపి చదువు.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి మీ అన్నయ్య ఇంటికొచ్చారు. కొట్లోంచి ఏడింటికి ముందు కదలని మనిషి. ఒంట్లో బాగోలేదేమోనని కంగారుపడ్డాను. ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. మూత చుట్టూ టేపు, అద్దాలు పార్సిల్ చేసే వెడల్పాటి టేపు. అడుగు పొర పసుపు రంగుకి తిరిగి పెళుసుబారింది. దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. అన్నిటికంటే పైది కొత్తగా మెరుస్తోంది.

టేపు ఊడదీశారు. మూత తీస్తే నీ శాలువా.

నీకు తెలుసుగా, ఊలు పోగు ఎగిరొచ్చి పడితే అద్దం పాడవుతుందని నా స్వెట్టర్ కూడా కొట్టు గుమ్మం బయటే విప్పించే మనిషి. ఆ కొట్లో, నీ స్టూలు కింద అరలో, పద్నాలుగు నెలలుగా ఉందట. నువ్వు తలకి రాసుకునే నూనె వాసన, కొంచెం పిల్లి వాసన, నువ్వు మేడ మీద కూర్చుని చదువుకున్న మధ్యాహ్నాల వాసన, ఒక్కసారి గదంతా వచ్చింది.

డబ్బా మీదికి వంగి అడిగాను. "ఎప్పట్నించి ఉంది మీ దగ్గర?"

"అది వెళ్ళిన రోజు నించి."

"మరి నేను ఇల్లంతా వెతుకుతుంటే చెప్పొచ్చుగా!"

"నీ చేతికిస్తే ఉతికేస్తావు" అన్నారు.

ఉతికేసేదాన్నే అమ్మడూ. రెండుసార్లు ఉతికి ఉండలు వేసేదాన్ని.

పై మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆయనే బోనులో పరిచారు, అద్దం బిగించినంత జాగ్రత్తగా, అంచులు సర్ది. తర్వాత తొమ్మిదో మెట్టు మీద ముగ్గురం వరసగా కూర్చున్నాం. టీచరమ్మ, నేను, ఆయన. టీచరమ్మ చేతిలో బోను తలుపు తాడు. దుప్పట్లు ఉబ్బడం, ఖాళీ కావడం. ఎండ ఒక్కో మెట్టూ దిగి కిందికి వెళ్తోంది. అంతసేపూ నాకు ఇంకెవరి ఇంట్లోనో కూర్చున్నట్టు, ఎవరికోసమో పిలవకుండా వచ్చి ఎదురుచూస్తున్నట్టు ఉంది.

నాలుగూ ముప్ఫై ఒకటికి వచ్చింది. పిట్టగోడ మీదే ఆగిపోయింది. ముక్కు ఎత్తింది. నేను చాలాసార్లు చూశాను కదా, అది తలుపుని చూసే చూపు నాకు తెలుసు. ఈసారి తలుపుని చూడలేదు. నేరుగా బోనులోకి నడిచింది, తన గదిలోకి నడిచినట్టు. శాలువాని ముందు కాళ్ళతో చాలాసేపు పిసికింది. మూడుసార్లు తన చుట్టూ తను తిరిగి, వాచిన దవడ పైకి పెట్టి పడుకుని, కళ్ళు మూసుకుంది.

టీచరమ్మ వెంటనే తాడు వదల్లేదు. "ఒక్క నిమిషం పడుకోనిద్దాం" అంది, నాకు తెలిసి మొదటిసారి డ్రిల్లు గొంతు కాకుండా. ఆ నిమిషం అయ్యాక మెల్లగా వదిలింది. తలుపు పడితే కూడా మబ్బు లేవలేదు. మీ అన్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలకి ఏమీ లేదు, నేను చూశాను.

రెండు పళ్ళు తీశారు. నిన్న సాయంత్రం ఇంటికి వచ్చింది. పై గదిలో ఉంది, మెత్తటి తిండి తింటోంది. నీ స్వెట్టర్ ఇవాళ వచ్చింది, ఉండచుట్టి. నేను ఏడవలేదు. కానీ దగ్గరికి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. మబ్బు దాన్ని వాసన చూసి, సరేనన్నట్టు తలతో ఒకసారి రుద్ది, మళ్ళీ వెళ్ళి శాలువా మీదే పడుకుంది. స్వెట్టర్ని మీ అన్నయ్య తలుపు వెనక మేకుకి తగిలించారు.

దీంతో పాటు ఒక కాగితం ఉంది, సంఘం వాళ్ళ దత్తత పత్రం. ఇంట్లో ఉండేవాళ్ళు ఎంతమంది అన్నచోట మీ అన్నయ్య అద్దాల నంబర్లు రాసే ఆ చీమ అక్షరాలతో "3" అని వేశారు. పొరపాటున వేశారేమోనని చెయ్యి పట్టుకున్నాను. "ముగ్గురమే కదా" అన్నారు, లెక్క రానిదాన్ని చూసినట్టు నన్ను చూసి. టీచరమ్మ, "అయితే ముగ్గురి సంతకాలూ కావాలి. మూడోది వచ్చేదాకా పిల్లి సంఘానిదే" అంది. ఆవిడతో వాదించలేం. కింద రెండు సంతకాలున్నాయి, మూడో గీత ఖాళీగా ఉంది.

గాజు గోళం వ్యాసం నువ్వు ఇంకా చెప్పలేదు. అడుగుతున్నది నేను కాదు. నీ ఉత్తరాలు నాకంటే ముందు ఆయనే చదివి, మళ్ళీ కవర్లో పెడుతున్నారని నాకీమధ్యే తెలిసింది. కవరు అంచుకి మళ్ళీ పూసిన జిగురు అద్దాల కొట్టుది.

వదిన


జులై 14

వదినా,

పది సెంటీమీటర్లు. స్కేలుతో మూడుసార్లు కొలిచాను. ఒక చిన్న బుడగ ఉంది లోపల, అడుగున, ఎండ దారికి అడ్డం రాదు. ఆయన అదే అడుగుతాడు తర్వాత, అందుకని ముందే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక రిజిస్టరు తీసి జులై నాలుగు చూశాను. పొద్దుట్నించీ ఎనిమిదికి ఎనిమిది. ఆ రోజు అట్ట తీసి చూస్తే నున్నగా ఉంది, సాయంత్రం నాలుగున్నర దగ్గర మాత్రం ఒక పొట్టి గీత, గోరంత. అంతసేపే తెరిపిచ్చింది. నాకు ఆ ఎండ గుర్తులేదు వదినా. లోపల పడుకుని ఉన్నాననుకుంటాను, అన్నయ్య మీద శాలువా కోపం తీరక. అట్ట ఆఫీసుది, పంపకూడదు. పల్చటి కాగితం పెట్టి గీత దించి పంపుతున్నాను. అన్నయ్యకివ్వు. పెట్టుకోవడానికి డబ్బా ఖాళీ అయింది కదా.

ఆ పై టేపు కొత్తదని రాశావు. ఎన్నిసార్లు తీసి ఉంటాడో. నేనేమో చెత్తలో పడేశాడని నీకు రాశాను, అదీ ఆయన చదివాడు. దానికి క్షమాపణ వచ్చి చెబుతాను.

ఆగస్టు రెండున పదిహేను రోజుల సెలవు మీద వస్తున్నాను. ఈ కొండ మాత్రం వదలను, ఆ సంగతి అన్నయ్యకి ఇప్పుడే చెప్పు, టీ కప్పు కింద పెట్టకుండా. మంచం పైకి ఎక్కించొద్దు, అక్కడే నేల మీద పడుకుంటాను, మబ్బు పక్కన.

సంతకం చేశాను. అక్షరాలు కొంచెం వంకరపోయాయి, టీచరమ్మ ఒప్పుకుంటుందంటావా?

శాలువా,
ఇంకోసారి రాస్తున్నాను, శాలువా
ఉతకొద్దు.

నీ ఆడపడుచు


జులై 21

అమ్మడూ,

టీచరమ్మ సంతకం చూసి "అక్షరాలు తిన్నగా లేవు" అని, ముద్ర వేసి వెళ్ళింది. మబ్బు మనదే.

నువ్వు దించి పంపిన గీతని ఆయన దీపానికి ఎదురుగా పట్టుకుని చూశారు. కొండ సంగతి చెప్పాను. "దాని గోళం దానికుందిగా" అని ఊరుకున్నారు. రెండో స్టూలు మాత్రం తీయలేదు. నేనూ అడగలేదు.

పెట్టె మళ్ళీ పైకి చేర్చి, మూత లోపల పాత జాబితా చింపి కొత్తది అంటించాను. చివరి వరస నీకోసం ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

పన్నెండు. శాలువా, బూడిదరంగు. ఉన్నచోటు, పై గది, మబ్బు కింద. ఉతకలేదు.

వదిన